చూస్తూ కూర్చునే ఉద్యోగం

నా ఉద్యోగం చూడటం. ఎగతాళికి అంటున్న మాట కాదు. విశాఖపట్నం పోర్టుకి దగ్గర్లో, ఓడల్లో వచ్చిన పామాయిలు నిల్వచేసే ట్యాంకుల యార్డు ఒకదానిలో నేను స్టాండ్‌బైని. ట్యాంకు ఖాళీ అయ్యాక మనుషులు లోపలికి దూరి అడుగున పేరుకున్న మడ్డి గోకి తీస్తారు. వాళ్లు లోపలున్నంతసేపూ నేను బయట, మ్యాన్‌హోల్ పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వాళ్లని చూస్తూ ఉండాలి. ఎవరు ఎన్నింటికి దూరారో, ఎన్నింటికి బయటికొచ్చారో రిజిస్టరులో రాయాలి. ఎవరైనా తూలితే విజిల్ ఊది, వాకీటాకీలో రెస్క్యూ టీముని పిలవాలి. అంతే. మరే పనిలోనూ చెయ్యి పెట్టకూడదు. నాకిచ్చిన ఆకుపచ్చ జాకెట్టు వీపు మీద "చూడటం మాత్రమే" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆదివారాలు దాన్ని ఉతికి దండెం మీద ఆరేస్తే, పెందుర్తిలో మా వీధి వీధంతా తీరిగ్గా చదువుకుంటుంది.

ఈ నిబంధన వెనక బుద్ధి లేకపోలేదు. లోపల గాలి చాలక ఒకడు పడిపోతే వాడికోసం ఇంకొకడు, ఆ ఇంకొకడికోసం మరొకడు దూరి ముగ్గురూ పోయిన సంగతులు ఈ పనిలో ఉన్న ప్రతివాడూ వినే ఉంటాడు. ఒక్కడైనా కుర్చీలో మిగలాలని పెద్దల ఉద్దేశం. నాకా ఉద్దేశంతో పేచీ లేదు. దాన్ని అమలుచేసే మనుషులతోనే నా పేచీ అంతా.

ఒకసారి మధ్యాహ్నం భోజనం అయ్యాక నేను కునుకు తీశానని ఎవడో ఫిర్యాదు చేశాడు. తీశాను, కాదనను. దాంతో నన్ను చూడ్డానికి ఇంకో మనిషిని పెట్టారు. అతనికీ ఒక కుర్చీ, ఒక రిజిస్టరు. ఎదురెదురుగా కూర్చున్నాం గనక కబుర్లు మొదలయ్యాయి. మనిషి మంచివాడు, క్రికెట్ బాగా తెలుసు. కబుర్లు చెప్పుకుంటున్నారని మళ్లీ ఫిర్యాదు వచ్చింది. ఈసారి మేనేజరుగారే స్వయంగా వచ్చి మా కుర్చీల వీపులు ఒకదానికొకటి ఆనేలా తిప్పించి వెళ్లారు. ఆ రోజు నుంచి నన్ను చూడాల్సినవాడు సముద్రాన్ని చూస్తూ, ప్రతి గంటకీ "స్టాండ్‌బై మెలకువగా ఉన్నాడు" అని రాసుకునేవాడు. మెలకువగా ఉన్నానో లేదో వెనక్కి తిరక్కుండానే నన్ను అడిగి మరీ రాసేవాడు.

చూడటమే ఉద్యోగమైనవాడికి ఆలోచించడానికి బోలెడంత తీరిక. రిజిస్టరు చివరి పేజీలో నాలాంటివాళ్లకి భాషలో ఏమేం పేర్లున్నాయో రాయడం మొదలుపెట్టాను. మొట్టమొదట రాసింది మా ఇంటావిడ పెట్టిన పేరు, గుడ్లప్పగించి చూసే మనిషి. పెళ్లైన కొత్తలో పాలు పొంగి స్టవ్వంతా పారుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూశానట. స్టవ్వు ఆవిడ సామ్రాజ్యం కదా, నేనెలా ముట్టుకుంటానని నా వాదన. ఆ తరవాత పేపర్లవాళ్ల మాట, ప్రేక్షకపాత్ర వహించినవాడు. ఎక్కడ గొడవ జరిగినా మర్నాడు ఎవరో ఒకరు ఈ పాత్ర వహించే ఉంటారు. వేషం లేదు, మాటలు లేవు, చప్పట్లు లేవు, అయినా అదొక పాత్రేనట. చూపరి అన్న మాట పుస్తకాల్లో కనిపిస్తుంది గానీ, ఎవరూ ఎవరినీ "ఓ చూపరీ" అని కేకేయగా నేను వినలేదు. ఉత్సవ విగ్రహం అనే మాట మా మేనేజరుగారికి నప్పుతుందని ఆయన పేరు కింద రాసి, భయమేసి కొట్టేశాను. ఆటలో అరటిపండు అన్నది మాత్రం నాకు చాలా నచ్చింది. చిన్నప్పుడు మా వీధిలో ప్రతి ఆటలోనూ నేనే అరటిపండుని. అవుటైనా అవుట్ కాదు, పరుగు తీసినా లెక్కలోకి రాదు.

లోపలికి దూరి మడ్డి తీసేవాళ్లలో ఒకతనిది భీమిలి పక్కన సముద్రపు ఒడ్డున చిన్న ఊరు. నాకంటే నాలుగైదేళ్లు చిన్న. తుఫానులో పడవ విరిగిపోయాక వేటకి వెళ్లడం మానేసి, కాంట్రాక్టరు కింద ఈ పనికి వచ్చాడు. రోజూ తెల్లవారకముందే బస్సెక్కి వచ్చేవాడు. మొదటి రోజునుంచీ నన్ను బావా అనేవాడు. అతనికి యార్డులో అందరూ బావలే అనుకోండి, కానీ చేపల పులుసు డబ్బా మూతలో పెట్టి ఇచ్చేది మాత్రం నాకే. ఒకరోజు నేను చివరి పేజీలో రాసుకుంటుంటే తొంగి చూశాడు.

"ఏటి బావా, ఎనకాల ఏటో రాత్తన్నావ్?"

"పని సెయ్యకుండా సూత్తా కూకునేవోల్లని ఏటంటారో రాత్తన్నాను."

"మా ఊర్లో సోద్దెం సూసీవోలంటారు. మేం వల లాగతంటే ఒడ్డు మీద నిలబడిపోతారు. తాడు ముట్టుకోరు గానీ, సేపలు సాల్లేదని మాత్రం ముందు ఆలే అంటారు."

"అయితే నన్నూ అందులో కలిపీసినట్టే గదా?"

అతను నవ్వాడు. "నీదేం సోద్దెం బావా? నువ్వు బయట కూకుని సూత్తన్నావని నాకు లోపల దైర్నం. నువ్వు నేకపోతే నాను దూరను."

ఆ మాట నాకెంత బాగుందో చెప్పలేను. ఇరవైయ్యేళ్లుగా ఈ కుర్చీలో కూర్చుంటున్నాను, అది పనికొచ్చే పని అని నాతో అన్న మొదటి మనిషి అతనే. చోద్యం చూసేవాడు అన్న మాట రాసుకున్నాను గానీ, నా వరసలో కాకుండా పక్కన రాసుకున్నాను.

అది వేసవి. పదకొండు అయ్యేసరికే ట్యాంకు రేకు చెయ్యి పెట్టనివ్వనంత కాలిపోతోంది. ఆ రోజు లోపల అతనొక్కడే ఉన్నాడు, మిగతావాళ్లు బకెట్లు పారబొయ్యడానికి వెళ్లారు. మ్యాన్‌హోల్ నేలకి మోకాలెత్తులో ఉంటుంది, వంగితే లోపల మనిషి కనబడతాడు. అతను బకెట్టు నావైపు తోసి, నన్ను చూసి నవ్వి, మెల్లిగా కూలబడ్డాడు. తమాషా చేస్తున్నాడేమో అనుకున్నాను. తల పక్కకి వాలిపోయింది.

విజిల్ ఊదాను. నిజం చెప్పాలంటే అంత బాగా ఊదగలనని నాకే తెలీదు. నిమిషంలో యార్డు యార్డంతా పరిగెత్తుకొచ్చింది. పంపు దగ్గరివాళ్లు, లారీలు తూచే వేబ్రిడ్జి గుమస్తా, లారీ డ్రైవర్లు, క్యాంటీనులో వడలు వేసేవాడు మూకుడుతో సహా వచ్చేశారు. వచ్చి అందరూ పసుపు తాడు దగ్గర ఆగిపోయారు. పర్మిట్ లేనివాళ్లు ఆ తాడు దాటకూడదని బోర్డుంది. ఒక్కడూ దాటలేదు. మా యార్డులో క్రమశిక్షణ లేదనేవాళ్లు ఆ రోజు చూసి ఉండాల్సింది. నా వెనక కుర్చీలో ఉన్నతను లేచి వెనక్కి తిరిగి, "స్టాండ్‌బై మెలకువగా ఉన్నాడు" అని రాసుకున్నాడు.

వాకీటాకీలో రెస్క్యూ టీముని పిలిచాను. "పర్మిట్ నంబరు చెప్పండి" అన్నారు. చెప్పాను. "ఒకసారి మళ్లీ" అన్నారు. మళ్లీ చెప్పాను. "అది నిన్నటి నంబరండి, ఈ రోజుది చెప్పండి" అన్నారు. కాయితం తిప్పి చూస్తే ఈ రోజుది కూడా అదే. కాదు అంటారు వాళ్లు, అవును అంటాను నేను. వాకీటాకీని కుర్చీలో కూర్చోబెట్టి నేను మ్యాన్‌హోల్‌లోకి నడుం దాకా దూరాను. అతని బెల్టు పట్టీ చేతికి దొరికింది. లాగాను. ఒళ్లంతా మడ్డి జిడ్డు కావడంతో మనిషి సబ్బుబిళ్లలా జారుతున్నాడు, ఆ జారుడువల్లే బయటికీ వచ్చాడు. ఇద్దరం కలిసి నేల మీద పడ్డాం.

నీడలో పడుకోబెట్టి మొహాన నీళ్లు కొడితే కాసేపటికి కళ్లు తెరిచాడు. తెరిచి మొదట అడిగింది అన్నం డబ్బా ఎక్కడుందని. నేను ఏడ్చాను. పక్కనున్న వడల మూకుడులోని నూనె పొగకి కళ్లు మండాయని చెప్పుకున్నాను గానీ, ఏడ్చాను. తరవాత అలవాటు ప్రకారం రిజిస్టరు తీసి, అతను బయటికొచ్చిన టైము రాశాను, పదకొండూ అయిదు.

రెస్క్యూ టీము పదకొండూ ఇరవైకి వచ్చింది. హెల్మెట్లు, స్ట్రెచరు, కెమెరా, అన్నీ ఉన్నాయి. పడిపోయినవాడు లేచి కూర్చుని మజ్జిగ తాగుతుండటం చూసి వాళ్లు చాలా నిరుత్సాహపడ్డారు. వాళ్ల సూపర్‌వైజరు అటూ ఇటూ తిరిగి ఫోనులో ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. యార్డు గేటు దగ్గర "ప్రమాదం లేకుండా గడిచిన రోజులు" అనే బోర్డు ఒకటుంది. ఆ అంకె సున్నాకి పడిపోతే పైనుంచి కిందిదాకా అందరికీ తలనొప్పి. అందుకని ఇది ప్రమాదం కాదని, మాక్ డ్రిల్ అని తేల్చారు. డ్రిల్లుకి ఫొటో ఉండాలి. "నువ్వొకసారి మళ్లా సగం లోపలికి దూరి పడుకో" అన్నారు అతన్ని. పాపం మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, వెళ్లి పడుకున్నాడు. ముగ్గురు అతని చేతులు పట్టుకుని లాగారు. ఒకడు చిరునవ్వు నవ్వాడని ఇంకోసారి పడుకోబెట్టి తీశారు. ఆ ఫొటోలో వెనకాల నా కుర్చీలో నేను బుద్ధిగా కూర్చుని చూస్తున్నాను. నన్ను కూర్చోమన్నది వాళ్లే.

సాయంత్రం ఇంటికెళ్లాక మా ఇంటావిడ నా చొక్కా చూసి గోల పెట్టింది. పామాయిలు మడ్డి ఏ సబ్బుకీ వదలదు. చెప్పక తప్పింది కాదు. కుట్టుమిషను ఆపేసి విన్నది.

"ఓలమ్మో! మడిసి పాణం కాపాడీసి, ఇలగ సొక్కా గురించి మాటాడతన్నారేటండీ? ఆదివారం సాక్ష్యం సెప్పాల్సిందే."

"నానా? నానేటి సెప్తాను?"

"జరిగింది సెప్తారు. ముప్పై ఏళ్లనుంచీ సర్చిలో ఎనక బల్ల మీద కూకుని అందరిదీ సూత్తన్నారు. ఈ పాలి మీరు ముందుకెల్లండి."

మా చర్చిలో ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం అని ఉంటుంది. దేవుడు తమ జీవితంలో చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పొచ్చు. ఉద్యోగం వచ్చింది, జ్వరం తగ్గింది, పోయిన గొలుసు దొరికింది, ఏదైనా సరే. దీనికి ఎవరూ రాయని నియమం ఒకటుంది. ఎక్కడా "నేను చేశాను" అనకూడదు. అంతా ప్రభువు చేసినట్టే చెప్పాలి. పరీక్ష పాసైన పిల్ల కూడా "ప్రభువు నాచేత పాసు చేయించాడు" అంటుంది. చిన్నప్పటినుంచీ విన్న భాష కాబట్టి, మైకు చేతికి వచ్చేసరికి నా నోటినుంచి కూడా ఆ భాషే వచ్చింది. ట్యాంకు గురించి చెప్పాను. ఎత్తు కొంచెం పెంచాను. చీకటి కూడా కొంచెం పెంచాను. మనిషి పడిపోవడం, అందరూ తాడు దగ్గర ఆగిపోవడం, ప్రభువు నన్ను నడుం దాకా లోపలికి దూర్చడం చెప్పి, "లాగింది నేను కాదు, ప్రభువే లాగాడు. నా చేతులు వాడుకున్నాడు, అంతే" అన్నాను. స్తోత్రం అని హాలంతా మార్మోగింది. జన్మలో మొదటిసారి ఇంతమంది నన్ను చూస్తున్నారు, నేను ఎవర్నీ చూడక్కర్లేదు. చాలా బాగుంది. దాచుకోవడం దేనికి, గర్వంగా ఉంది.

మా గాయకబృందంలో ఒకావిడ అదంతా ఫోనులో తీసింది. ఆ మధ్యాహ్నానికి మా సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అక్కణ్నించి ఉపవాస ప్రార్థనల గ్రూపుకి, అక్కణ్నించి ఇంకెక్కడికో. బుధవారానికల్లా మా కంపెనీ హెడ్డాఫీసులో సేఫ్టీ విభాగంలో పనిచేసే ఒక విశ్వాసికి చేరింది. ఆయన దాన్ని చూసి కన్నీళ్లు పెట్టుకున్నాడట. కన్నీళ్లు తుడుచుకుని మా యార్డుకి ఉత్తరం రాశాడు. మీ స్టాండ్‌బై కుర్చీ వదిలేసి మ్యాన్‌హోల్‌లోకి దూరినట్టు విశ్వసనీయంగా తెలిసింది, విచారణ జరపండి అని.

విచారణ గదిలో మేనేజరుగారు మధ్యలో కూర్చున్నారు. ఒకవైపు రెస్క్యూ సూపర్‌వైజరు. ఇంకోవైపు హెడ్డాఫీసు నుంచి వచ్చిన పరిశీలకుడు. ఆయన రాగానే, తాను పరిశీలించడానికే వచ్చానని, ఏ విషయంలోనూ అభిప్రాయం చెప్పనని, బిస్కెట్లు మాత్రం తీసుకుంటానని చెప్పాడు. నన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. భీమిలి అతన్ని తలుపు దగ్గర నిలబెట్టారు. అతను కాంట్రాక్టు మనిషి కాబట్టి కుర్చీ వెయ్యలేదు.

లాప్‌టాప్‌లో నా సాక్ష్యం వేశారు. ఆఫీసు గోడల మధ్య వింటే అది వేరేగా ఉంది. స్తోత్రం దగ్గర మేనేజరుగారు సౌండు తగ్గించారు. తరవాత రెస్క్యూవాళ్ల ఫొటో బల్ల మీద పెట్టారు.

"ఫొటో ప్రకారం ఇది మాక్ డ్రిల్. మీ మాట ప్రకారం నిజంగా జరిగింది. ఏది నిజమండీ?"

నేను నోరు తెరవబోతుంటే ఆయనే చెయ్యి అడ్డం పెట్టారు. మనిషి చెడ్డవాడు కాదు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి పాతికేళ్లయింది, ఎవరి ఉద్యోగమూ తీసిన పాపం లేదని గొప్పగా చెప్పుకుంటారు.

"తొందరపడకండి. మీరు లోపలికి దూరి లాగారు అంటే, స్టాండ్‌బై కుర్చీ వదిలినట్టు. దానికి శిక్ష ఏమిటో మీకు తెలుసు. డ్రిల్ రిపోర్టు అబద్ధమైనట్టు. గేటు దగ్గర బోర్డు సున్నా. కానీ నేను ఈ వీడియో మూడుసార్లు చూశాను. మీరు అందులో ఎక్కడా నేను లాగాను అనలేదు. ప్రభువు లాగాడన్నారు."

"అవునండీ, అది మా చర్చిలో చెప్పే పద్ధతి..."

"పద్ధతి సంగతి మాకెందుకు? మీరన్న మాట అదేనా, కాదా?"

"అదేనండి."

రెస్క్యూ సూపర్‌వైజరు గొంతు సవరించుకుని, ప్రభువుకి ఆ రోజు ఎంట్రీ పర్మిట్ లేదు కదా, రిపోర్టులో ఎలా రాయాలి అని అడిగాడు. వేళాకోళం కాదు, అతని కష్టం అతనిది. మేనేజరుగారు, అది మతపరమైన విషయం, రిపోర్టు పరిధిలోకి రాదు అన్నారు. పరిశీలకుడు బిస్కెట్టు టీలో ముంచుకున్నాడు.

"అయితే ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను. లాగింది మీరా?"

నాకు భయం వేసింది. రిటైర్మెంటు దగ్గర పడింది, ఈ వయసులో ఇంకో కుర్చీ ఎవరిస్తారు? ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని తరవాత చాలాసార్లు వెతుక్కున్నాను. లేదు. భయమే.

"ప్రభువే లాగాడండి. నేను చూశాను" అన్నాను.

మేనేజరుగారి మొహం విప్పారింది. ఇప్పుడు రిజిస్టరు తెరిచారు. నా చేతిరాతతో, ముత్యాల్లాంటి అక్షరాల్లో, అతను బయటికొచ్చిన టైము పదకొండూ అయిదు అని ఉంది. డ్రిల్ మొదలైంది పదకొండూ ఇరవైకి. నేను రాస్తున్నప్పుడు ఈ తేడా ఎవరి మెడకి చుట్టుకుంటుందో నాకు తట్టలేదు.

ఆయన తలుపు వైపు తిరిగారు. "డ్రిల్లుకి పావుగంట ముందే నువ్వు బయటికొచ్చి నీడలో పడుకున్నట్టుంది. ఎందుకు? నిజంగా స్పృహ తప్పావా? తప్పితే నిన్ను బయటికి తెచ్చిందెవరు?"

అతను నావైపు చూశాడు. ఇందాకటినుంచీ నేను చెప్పిందంతా విన్నాడు. నాకు ఇప్పటికీ అనిపిస్తుంది, ఆ క్షణంలో నేను లేచి, నేనే లాగానండి అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అతని మీద ఒక్క మచ్చ ఉండేది కాదు. లేవడానికి కాళ్లు కూడగట్టుకున్నట్టే గుర్తు. కానీ లేవలేదు. కుర్చీలో కూర్చుని, నోరు కదపకుండా, అతను ఏం చెప్తాడా అని చూశాను.

"మా బావ ఏటి సెప్పాడో అదేనండి" అన్నాడు.

"అంటే నిన్నెవరూ లాగలేదు?"

"బావ సెప్పాడు గదండీ."

"నీ అంతట నువ్వే వచ్చి, పర్మిషన్ లేకుండా పడుకున్నావన్నమాట."

అతను మళ్లీ నావైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే ఎంత బాగుండేదో. ఈ సంగతి నాకంటే నీకు బాగా తెలుసు కదా అన్నట్టు చూశాడు. తల ఊపాడు. పనివేళలో నిద్ర అని రాశారు. అందరం సంతకాలు పెట్టాం. పరిశీలకుడు కూడా పెట్టి, విచారణ చాలా సామరస్యంగా జరిగింది అన్నాడు. ఆయన చెప్పిన ఒకే ఒక్క అభిప్రాయం అది.

పనివేళలో నిద్రపోయిన కాంట్రాక్టు మనిషికి గేటు పాసు రద్దవుతుంది. నీలం రంగు కార్డు, దాని మీద ఫొటో. అది పోతే పోయేది మా యార్డులో పని ఒక్కటే కాదు. రద్దయిన పాసుల జాబితా చుట్టుపక్కల యార్డులన్నిటికీ వెళ్తుంది, ఎవరూ లోపలికి రానివ్వరు. తిరిగి వేటకి వెళ్దామన్నా అతనికి పడవ లేదు. ఇదంతా నాకు తెలుసు, మేనేజరుగారికీ తెలుసు. నన్ను బయటికి పంపిస్తూ ఆయన భుజం తట్టి, "ఎవరికీ నష్టం లేకుండా బయటపడ్డాం" అన్నారు. ఆయన నిజంగానే అలా అనుకుంటున్నారని మొహం చూస్తే తెలిసింది. నేను థాంక్సండీ అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం గేటు దగ్గర సెక్యూరిటీ బల్ల ముందు అతను నిలబడి ఉన్నాడు. హెల్మెట్టు, బూట్లు, బెల్టు అప్పజెప్పేశాడు. నేను అతన్ని తప్పించుకుందామని క్యాంటీను పక్కనుంచి తిరిగి వస్తుంటే, గార్డు నన్నే పిలిచాడు. పాసు స్వాధీనం చేసినట్టు ఒక ఫారం ఉంటుందట, దాని మీద చూసినవాళ్లు ఒకరు సంతకం పెట్టాలట. యార్డులో అందరూ పనిలో ఉన్నారు.

"రా బావా, నువ్వే ఎట్టీ" అన్నాడు అతను. "ఒంటిగంట బస్సు ఎల్లిపోద్ది."

పెన్ను తీసుకున్నాను. అతనితో అనాలని రాత్రంతా ఏవేవో మాటలు కూడబెట్టుకున్నాను. "బాగున్నావా" అని అడిగాను. బుద్ధిలేని ప్రశ్న.

"బాగానే ఉన్నాను. తల తిప్పడం తగ్గిపోనాది. నువ్వు లాగకపోతే ఉండీవోన్ని గాదు" అన్నాడు. గార్డు ఎదురుగా, మామూలుగా, బస్సు సంగతి చెప్పినట్టే చెప్పాడు. గార్డు వినలేదు, కార్డుకి రంధ్రం కొడుతున్నాడు.

ఫారంలో నా పేరు రాశాను, నంబరు రాశాను. దాని కింద, కార్మికుడితో సంబంధం అని ఒక గడి ఉంది. నేను ఆగిపోవడం చూసి అతను నా భుజం మీదుగా వంగాడు.

"బావ అని రాసీ."

గార్డు తలెత్తాడు. "బావంటే కుదరదండి. బంధువులు సంతకం పెడితే ఫారం చెల్లదు. మీకేమైనా అవుతాడా?"

"ఏమీ అవడు" అన్నాను.

గడిలో "ఏ సంబంధమూ లేదు" అని రాసి సంతకం పెట్టాను. అతను మెల్లిగా కూడబలుక్కుని చదివాడు. ఆ తరవాత తన కాపీ మడిచి జేబులో పెట్టుకుని, ఎల్లొస్తాను బావా అని చెప్పి, బస్సు కోసం పరిగెత్తాడు.